సరిహద్దు దాటకుండానే పరాయి ఊరు: బరంపురంలో డిగ్రీ మొదటి ఏడాది గట్టెక్కడం ఎలా

నా పేరు వరలక్ష్మి. ఒడిశాలోని బరంపురంలో ప్లస్ త్రీలో (ఇక్కడ డిగ్రీని అలాగే అంటారు) చేరిన మొదటి వారం హాజరు పట్టీలో వరసగా ఐదు రోజులు నేను ఆబ్సెంట్. రోజూ మూడో బెంచీలో కూర్చునే ఉన్నాను. సార్ "బొరొలొఖ్మీ" అని పిలుస్తుంటే ఎవరో ఈ పిల్ల, ఒక్క రోజూ రాదేం అనుకునేదాన్ని. ఆరో రోజు పక్కనమ్మాయి మోచేత్తో పొడిచి "తుమొ నాఁ డాకుఛొంతి" అంది. నీ పేరే పిలుస్తున్నారు అని. ఒడియా పలుకుబడిలో మన 'అ' కాస్తా 'ఒ' అవుతుంది, 'వ' వెళ్ళి 'బ'లో కలుస్తుంది, 'లక్ష్మి' 'లొఖ్మీ' అవుతుంది. బారసాల నాడు పెట్టిన పేరును నేనే పోల్చుకోలేకపోయాను.

ఆ ఐదు రోజుల సంగతి సార్‌కి చెబితే రెండు నిమిషాల్లో తేలిపోయేది. చెప్పలేదు. వచ్చీ రాని ఒడియాలో ఎలా అడగాలో తెలియక, ఇంగ్లీషులో అడిగితే తప్పులు పోతాయని భయపడి, నోరు మూసుకుని కూర్చున్నాను. సెమిస్టరు చివర హాజరు చాల్లేదన్నారు. నాన్న కాశీనగర్ నుంచి పని మానుకుని వచ్చి, ఆఫీసులో చేతులు కట్టుకు నిలబడి సంతకం పెట్టారు. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది.

ఇప్పుడు అదే ఊళ్ళో పాఠాలు చెబుతున్నాను. కాశీనగర్, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి మన పిల్లలు ఏటా వస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గంజాం, కొరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు కలిశాయి. మన తాతలు ఇల్లు కదలలేదు, రాష్ట్రమే మారింది. అందుకని ఇంట్లో తెలుగు, బజారులో రెండూ, బళ్ళో ఏది దొరికితే అది. ఇలా పెరిగిన పిల్లలకు బుర్రలో లోటేమీ లేదు. మొదటి ఏడాది వాళ్ళు నష్టపోయేదంతా అడగాల్సిన చోట అడగకపోవడం వల్లే. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ ఒక్క అడ్డంకిని తీసేయడానికే. నిన్ను నా చెల్లెలో తమ్ముడో అనుకుని 'నువ్వు' అనే రాస్తున్నాను.

మొదటి అడుగు: బయల్దేరే ముందు నీ పేరు సరిచూసుకో

పెట్టె సర్దుకోవడం తరవాత. ముందు నాలుగు కాగితాలు నేల మీద పక్కపక్కన పరుచు: పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, తహసీల్దారు ఆఫీసులో ఇచ్చిన కుల, ఆదాయ, నివాస పత్రాలు. నీ పేరు నాలుగింటిలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉందా?

మనవాళ్ళలో చాలామందికి ఉండదు. కారణాలు మూడు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడియావాళ్ళకు చివర వస్తుంది. ఒక ఆఫీసులో అలా, ఇంకో ఆఫీసులో ఇలా ఎక్కిస్తారు. రెండోది, ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉంటుంది. మూడోది మన 'వ' గొడవ: బడిలో 'వెంకటేశ్', ఒడియాలో రాసిన పత్రంలో 'బెంకటేశ్'. కంప్యూటరుకి వీళ్ళిద్దరూ వేరువేరు మనుషులు. నా దగ్గర చదివిన ఒక అబ్బాయికి స్కాలర్‌షిప్ మంజూరైంది కానీ డబ్బు పడలేదు. పాసుబుక్కులో ఇంటిపేరు వెనక, ఆధార్‌లో ముందు ఉండటమే కారణమని తెలుసుకునేసరికి ఏడాది గడిచిపోయింది.

పదో తరగతి సర్టిఫికెట్‌ని చెట్టుకి వేరు లాంటిది అనుకో. దాన్ని మార్చడం అన్నిటికన్నా కష్టం. కాబట్టి మిగతావాటిని దానికి తగ్గట్టు మార్చు. ఆధార్ ముందు, తరవాత బ్యాంకు. ఇది వేసవిలోనే, ఊళ్ళో ఉండగానే చెయ్యి. బరంపురం వచ్చాక క్లాసులు మానేసి తిరగాల్సి వస్తుంది.

బ్యాంకు గురించి ఇంకో మాట. స్కాలర్‌షిప్ డబ్బు ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే వస్తుంది. రెండు ఖాతాలుంటే చివరగా ఏ ఖాతాకి ఆధార్ ముడి వేయించుకున్నావో దానిలోనే పడుతుంది. హాస్టలు దగ్గర కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో ఆధార్ గడికి ఊరికే టిక్కు పెట్టకు. పెడితే ఆ సంగతి గుర్తుంచుకో.

మిగతా కాగితాలు తెలిసినవే: కాలేజీ వదిలిన సర్టిఫికెట్ (ఇక్కడ అందరూ సీఎల్‌సీ అంటారు), కాండక్ట్, మార్కుల జాబితా. ఆంధ్రాలో ఇంటర్ చదివి వస్తుంటే మైగ్రేషన్ కూడా కావాలి, అది తెప్పించుకోవడానికి రోజులు పడుతుంది. ప్రతిదీ పది జిరాక్సులు తీయించు, స్కాన్ చేసి డిజిలాకర్ యాప్‌లో కూడా పెట్టుకో. అసలు కాగితం ఎవరికిచ్చినా రసీదు అడుగు. రసీదు ఇవ్వం అంటే, ఎవరికి ఏ తేదీన ఇచ్చావో నోటుబుక్కులో రాసుకో.

టికెట్ తీసుకునేటప్పుడు, పార్సిల్ పంపేటప్పుడు జాగ్రత్త. పశ్చిమ బెంగాల్లో కూడా ఒక బరంపురం ఉంది. మన స్టేషన్ పేరు బ్రహ్మపుర్, కోడ్ బీ ఏ ఎమ్. చిరునామాలో గంజాం జిల్లా, ఒడిశా అని తప్పకుండా రాయించు. అమ్మ పంపిన సున్నుండలు ముర్షిదాబాద్ జిల్లాకు వెళ్ళిపోతే తిరిగి రావు.

రెండో అడుగు: మొదటి ఏడు రోజులు

ఈ వారం చదువు గురించి బెంగపడకు. ఈ పనులు చెయ్యి చాలు.

మొదటి రోజే నీ రోల్ నంబరు కంఠస్థం చెయ్యి, పేరు ఎలా పిలుస్తారో విను. యశోదవైతే 'జొశోదా' అంటారు, విజయవైతే 'బిజొయా', సూర్యనారాయణవైతే 'సూర్జ్యొనారాయొణొ'. క్లాసయ్యాక సార్ దగ్గరికి వెళ్ళి నీ పేరు నీ నోటితో ఒకసారి చెప్పు. ఆయన సరిచేసి పిలవకపోయినా ఫరవాలేదు, నువ్వెవరో గుర్తుంటుంది.

డిపార్ట్‌మెంట్ ఆఫీసు, ఫీజు కౌంటరు, లైబ్రరీ, ఆరోగ్య కేంద్రం, వార్డెన్ గది ఎక్కడున్నాయో కాళ్ళతో తిరిగి చూడు. బరంపురం విశ్వవిద్యాలయంలో చేరినవాళ్ళకు ఇది ఇంకా అవసరం. 1967లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం కవి ఉపేంద్ర భంజ పేరు మీద భంజ విహార్‌గా గోపాల్‌పూర్ వైపు, ఊరికి దూరంగా ఉంది. సాయంత్రం ఏదో మర్చిపోయానని ఊళ్ళోకి పరిగెత్తడం కుదరదు.

అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ తీసుకోమంటారు. పాసైన పేపర్లకు వచ్చే క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా అది. నీ ఫోన్‌లో నువ్వే తెరువు, నెట్ సెంటరు అబ్బాయి నంబరు పెట్టనివ్వకు. రేపు ఓటీపీ అతనికి వెళితే నీ క్రెడిట్లు చూసుకోవడానికి అతని కోసం తిరగాలి. సబ్జెక్టులు ఎంచుకునే ఫారం నింపేటప్పుడు ఆధునిక భారతీయ భాషల పేపరు (ఎమ్ఐఎల్) దగ్గర ఆగు. మీ కాలేజీలో ఏ భాషలున్నాయో అడిగి తెలుసుకున్నాకే రాయి. పక్కవాడు ఏది రాస్తే అది రాసేసి, తరవాత ఒడియా సాహిత్యం పరీక్ష ముందు కూర్చుని ఏడ్చిన పిల్లల్ని చూశాను.

మూడో అడుగు: వచ్చిన ఒడియానే మాట్లాడు

అన్నిటికన్నా పెద్ద అడుగు ఇదే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను.

మన పిల్లల్లో ఒడియా బాగా అర్థమయ్యేవాళ్ళే ఎక్కువ. మాట్లాడమంటే బిగుసుకుపోతారు. 'కొ' అనాల్సిన చోట 'క' అంటే నవ్వుతారని భయం. నవ్వుతారు కూడా, మొదటి వారం. తరవాత వాళ్ళే సరిచేస్తారు.

పర్లాకిమిడిలో 1880లో బడిపంతులుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులుగారు చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషకు అప్పటికి చదువుకునే పుస్తకం లేదు. సవర తెలిసిన మనిషిని ఇంటికి పిలిచి, మాట మాటా అడిగి, తప్పులతో మాట్లాడి నేర్చుకున్నారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం అచ్చయింది. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గుర్తుగా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం కదా, ఆ మనిషి పరాయి భాష నేర్చుకున్నది మన ఊళ్ళోనే. నీకు ఆయనకు లేని సౌకర్యం ఉంది: హాస్టలు గదిలోనే ముగ్గురు ఒడియా పిల్లలున్నారు.

మొదటి నెలకి ఈ మాటలు చాలు. రోజుకు పది సార్లు వాడు.

"మోతే ఒడియా టికే టికే ఆసే." నాకు ఒడియా కొంచెం కొంచెం వచ్చు. ఈ మాట ముందే చెప్పేస్తే ఎదుటివాళ్ళు నెమ్మదిగా మాట్లాడతారు.

"బుఝి పారిలి నాహిఁ, ఆఉ థొరే కొహొంతు." అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి. ఆఫీసు కిటికీ దగ్గర ఇది బంగారం.

"ఏఇటా కొణొ?" ఇదేంటి. "కేతే?" ఎంత.

మర్యాద విషయంలో కాస్త జాగ్రత్త. మనకు నువ్వు, మీరు రెండే. వాళ్ళకు మూడు: తు, తుమే, ఆపొణొ. పెద్దవాళ్ళతో, ఆఫీసులో, సీనియర్లతో ఎప్పుడూ ఆపొణొ. తోటివాళ్ళతో తుమే. 'తు' మాత్రం వాళ్ళు నీతో మొదలుపెట్టేదాకా అనకు. పెద్దవాళ్ళకు జవాబిచ్చేటప్పుడు చివర "ఆగ్యాఁ" చేరిస్తే మన 'అండి' చేసే పనే చేస్తుంది. గుమాస్తా ముఖం వెంటనే మెత్తబడటం నువ్వే చూస్తావు.

ఒడియా అక్షరాలు రాకపోతే పదిహేను రోజుల్లో నేర్చుకోవచ్చు. ఆ లిపీ మనదిలాగే తాటాకు మీద గంటంతో రాసిన గుండ్రటి లిపి. చూడగానే అన్ని అక్షరాలూ ఒకేలా కనిపిస్తాయి, ఎందుకంటే చాలా అక్షరాల నెత్తిన ఒకే రకం గొడుగు ఉంటుంది. గొడుగును పట్టించుకోకుండా దాని కింద ఏముందో చూడు. అక్షరానికీ అక్షరానికీ తేడా అక్కడుంది. బస్సు బోర్డులు చదవడంతో మొదలుపెట్టు. ఊరి పేరు నీకు ముందే తెలుసు కాబట్టి అక్షరాలు వాటంతటవే పట్టుబడతాయి. మాటలూ అంతే. పనస పొణొసొ, పిల్ల పిలా. చుట్టరికం ఎక్కడికీ పోలేదు.

ఒక్క హెచ్చరిక. మెస్సులో తెలుగు పిల్లలంతా ఒకే బల్ల దగ్గర చేరతారు. చేరండి, అది కడుపునిండా అన్నం లాంటిది, వద్దనను. కానీ రోజులో ఒక పూట వేరే బల్ల దగ్గర కూర్చో.

నాలుగో అడుగు: శనివారం బండి ఎక్కకు

ఇంటి మీద బెంగ నిజమైన బాధ. "ఏటమ్మా, ఏటి తిన్నావు?" అని ఫోన్‌లో అమ్మ గొంతు వినగానే గొంతు పూడుకుపోతుంది. ఆ బాధకు మనవాళ్ళు వాడే మందు శనివారం పొద్దున్నే బండెక్కి, సోమవారం మధ్యాహ్నానికి రావడం. దాని ఖరీదు లెక్కగట్టి చూపిస్తాను.

యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) లెక్కలో ఒక క్రెడిట్ అంటే 15 గంటల పాఠం. నాలుగు క్రెడిట్ల పేపరుకు 60 గంటలు. 75 శాతం హాజరు అడిగేచోట నువ్వు 45 గంటలు ఉండాలి, అంటే మానడానికి ఉన్నవి 15. సెమిస్టరు పదిహేను వారాలు, ఆ పేపరుకు శనివారం ఒక క్లాసు ఉందనుకో. ప్రతి శనివారం ఇంటికెళితే 15 అక్కడే అయిపోయాయి. ఇంకా సోమవారం పొద్దుటి క్లాసులు లెక్కలోకి తీసుకోలేదు. జ్వరం రాలేదు, తుఫాను రాలేదు, మేనమామ కూతురి పెళ్ళి రాలేదు. ఇవన్నీ వస్తాయి.

రాయగడ పిల్లలకు దూరం కూడా తోడవుతుంది. హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విజయనగరం మీదుగా, అంటే ఒడిశాలోంచి ఒడిశాకి ఆంధ్రా చుట్టి రావాలి. గుణుపురం లైనువాళ్ళు నౌపడా వరకు దిగి మెయిన్ లైను పట్టుకోవాలి. ఒక రాత్రి ప్రయాణం చేసి వచ్చినవాడు మర్నాడు క్లాసులో కూర్చున్నా ఉన్నట్టు కాదు.

కాబట్టి ఇలా చెయ్యి. చేరిన మొదటి మూడు వారాలు అసలు ఇంటికి వెళ్ళకు. కష్టంగా ఉంటుంది, ముఖ్యంగా రెండో ఆదివారం సాయంత్రం. కానీ గది నీదనిపించేది ఆ మూడు వారాల్లోనే. మధ్యలో వెళ్ళి వస్తే మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ఆ తరవాత నెలకొక్కసారి. నోటుబుక్కు చివరి పేజీలో ఒక్కో పేపరుకు పదిహేను గళ్ళు గీసుకో, మానిన ప్రతిసారీ ఒక గడి కొట్టెయ్యి. పది గళ్ళు అయిపోతే ఇంక ఆగు. మీ సంస్థ నియమం ఎంతో, అనారోగ్యానికి మినహాయింపు ఉందో లేదో ముందే ఆఫీసులో అడిగి గళ్ళ సంఖ్య సరిచేసుకో.

సెలవుల్ని ముందే చూసుకో. ఇక్కడ పెద్ద సెలవులు దసరా పూజలకు వస్తాయి. సంక్రాంతి మనకు మూడు రోజులు, ఇక్కడ ఒక్క రోజే. వీళ్ళ కొత్త సంవత్సరం ఏప్రిల్ నడుమ పొణా సంక్రాంతికి. కనుమ నాడు ఇంట్లో ఉండాలంటే ఆ గళ్ళు జనవరి కోసం దాచుకోవాలి. నేనైతే దాచుకోమనే అంటాను. పండక్కి వెళ్ళడం సరదా మాత్రమే కాదు, మనసుకు అవసరం కూడా.

ఐదో అడుగు: తెలుగులో అర్థం చేసుకో, ఇంగ్లీషులో రాయి

సార్ ఒడియాలో వివరిస్తారు, పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, నీ ఆలోచన తెలుగులో నడుస్తుంది. మూడింటి మధ్య తాడు కట్టుకోవాలి.

నోట్సు పేజీకి ఎడమవైపు నాలుగు వేళ్ళ మేర ఖాళీ వదులు. క్లాసులో అర్థం కాని మాట, ఒడియా అయినా ఇంగ్లీషు అయినా, చెవికి వినపడ్డట్టు తెలుగు అక్షరాల్లోనే ఆ ఖాళీలో రాసెయ్యి. అదే రోజు రాత్రి, మర్నాడు కాదు, ఆ మాటల అర్థాలు కనుక్కుని పక్కన రాయి. మొదట్లో పేజీకి ఇరవై ఉంటాయి. దసరాకి ఐదారుకి దిగుతాయి. నా పాత నోటుబుక్కుల్లో ఇప్పటికీ ఆ ఎడమ పట్టీ చూస్తుంటాను. ఆగస్టు పేజీలో పట్టీ నల్లగా నిండి ఉంటుంది, నవంబరు పేజీలో దాదాపు తెల్లగా.

తరవాత పుస్తకం మూసి, ఆ రోజు పాఠాన్ని గదిలో ఎవరికైనా తెలుగులో చెప్పు. ఎవరూ లేకపోతే గోడకు చెప్పు. ఎక్కడ తడబడ్డావో అక్కడే నీకు రానిది ఉంది. ఆ తరవాత చూడకుండా ఇంగ్లీషులో ఐదు వాక్యాలు రాయి. పొట్టి వాక్యాలు. వ్యాకరణం తప్పులున్నా రాయి. రోజుకు ఐదు వాక్యాలు రాసినవాడు పరీక్ష హాలులో ఐదు పేజీలు రాయగలడు. గైడు బట్టీ పట్టినవాడు ప్రశ్న కొంచెం మారిస్తే అక్కడే ఆగిపోతాడు.

పాత ప్రశ్నపత్రాలు మొదటి నెలలోనే సంపాదించు. మిడ్-సెమ్ (సెమిస్టరు మధ్యలో పెట్టే పరీక్ష) మార్కులు కొద్దిగానే అనిపిస్తాయి గానీ పాసు గీత దగ్గర ఊగిసలాడే పిల్లల్ని ఒడ్డున పడేసేవి అవే.

సందేహం ఉంటే సార్ గదికి వెళ్ళు. ఒక లెక్చరర్‌గా చెబుతున్నాను: "సార్, పాఠం అర్థం కాలేదు" అంటే మాకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. పుస్తకం తెరిచి, "ఈ వరస నుంచి ఈ వరసకు ఎలా వచ్చిందో తెలియలేదు" అని వేలు పెట్టి చూపించు. భాష సగమే ఉన్నా వేలు మిగతా సగం చెప్పేస్తుంది. అలా వచ్చిన పిల్లల్ని విసుక్కున్న మాస్టారు నాకైతే ఎక్కువమంది తగల్లేదు. ఒకవేళ ఒకరు విసుక్కుంటే ఇంకొకరి దగ్గరికి వెళ్ళు.

ఆరో అడుగు: మెస్సూ, గదీ

ఇది తొందరగానే అలవాటవుతుంది. డాల్మా అంటే పప్పులో కూరముక్కలు వేసి వండింది, మన ముక్కల పప్పుకి దగ్గరి చుట్టం, పులుపు ఉండదు. వేసవిలో పొఖాళొ పెడతారు. చద్దన్నం, తరవాణి తాగి పెరిగిన మనకు అది కొత్తదేమీ కాదు. చింతపండు పులుపు కోసం నాలుక లాగేస్తే ఆవకాయ సీసా ఒకటి తెచ్చుకో, బరంపురంలో పచ్చళ్ళకి, అప్పడాలకి లోటు లేదు కూడా. సీసా గదిలో అందరి మధ్యా పెట్టు. గదిలో స్నేహం మొదలవ్వడానికి అంతకన్నా దగ్గరి దారి నేను చూడలేదు. చోడిపిండి తెచ్చుకుంటే పొద్దున్న అంబలి కాచుకోవచ్చు, వార్డెన్ గదిలో వండటానికి ఒప్పుకుంటేనే.

ఏడో అడుగు: సీనియర్లు

మంచి సీనియర్ ఒక్కరు దొరికితే సగం కష్టాలు తీరతాయి. కానీ హద్దు తెలిసి ఉండాలి. యూజీసీ 2009 నియమాల ప్రకారం ర్యాగింగ్ అంటే కొట్టడం, తిట్టడం ఒక్కటే కాదు. సీనియర్ తన రికార్డు నీచేత రాయించుకోవడం, బలవంతంగా ఖర్చు పెట్టించడం కూడా ర్యాగింగే. 2016లో చేర్చిన సవరణ మనకు ముఖ్యం: పుట్టిన ప్రాంతం, మాట్లాడే భాష పేరు చెప్పి వేధించడం, వెలివేయడం కూడా అందులోకే వస్తాయి. నీ యాసను చూసి ఒకసారి నవ్వితే నవ్వి ఊరుకో. అదే పేరు పెట్టి రోజూ పిలుస్తూ, గదిలోంచి బయటికి నెడుతుంటే ఊరుకోకు.

1800-180-5522. ర్యాగింగ్ మీద ఫిర్యాదు చేయడానికి పైసా ఖర్చులేని నంబరు, 24 గంటలూ పనిచేస్తుంది. ఫోన్‌లో ఇవాళే దాచుకో. ముందు వార్డెన్‌కి, మెంటర్‌కి చెప్పు, తేదీ, సమయం, ఎవరెవరు ఉన్నారు రాసి పెట్టుకో. తెలుగు సీనియరే వేధిస్తుంటే మనవాడు కదా అని దాచకు.

ఎనిమిదో అడుగు: అక్టోబరు నెల

బయటి జిల్లాల వాళ్ళు రాసే సలహాల్లో ఇది ఉండదు, మన తీరానికి మాత్రం ఉండి తీరాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. సరిగ్గా మిడ్-సెమ్‌లు, దసరా సెలవులు కలిసే రోజులవి.

హెచ్చరిక వచ్చిందంటే ఇంటికి పరిగెత్తకు. దారిలో బండి ఆగిపోతే హాస్టలూ ఉండదు, ఇల్లూ ఉండదు. వార్డెన్ ఖాళీ చేయమంటే మాత్రం వాళ్ళు చెప్పినట్టే, గాలి మొదలవ్వకముందే బయల్దేరు. ఉండిపోతే ఫోన్, పవర్ బ్యాంకు నిండా ఛార్జి పెట్టు. బకెట్లు, సీసాలు నీళ్ళతో నింపు, కరెంటు పోతే పంపు నడవదు. అటుకులు, బెల్లం, బిస్కెట్లు రెండు రోజులకు. సర్టిఫికెట్లు రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి పెట్టెలో పైన పెట్టు. చేతిలో కొంచెం నోట్ల డబ్బు ఉంచుకో, టవర్లు పడిపోతే ఫోన్‌పే పనిచేయదు. ఇంటికి ముందే ఫోన్ చేసి, "రెండు రోజులు ఫోన్ కలవకపోవచ్చు, బాగానే ఉంటాను" అని చెప్పు. ఈ ఒక్క మాట చెప్పకపోతే అక్కడ అమ్మ రెండు రాత్రులు కన్ను మూయదు.

తొమ్మిదో అడుగు: మొదటి ఫలితాలు

ప్లస్ టూలో క్లాసు ఫస్టు వచ్చినవాళ్ళకు కూడా ఇక్కడ బ్యాక్ రావచ్చు. బ్యాక్ అంటే ఆ పేపరు మళ్ళీ రాయడం, అంతే. ఫారం ఎప్పుడు నింపాలో కనుక్కో, ఆ తేదీ దాటనివ్వకు. రీచెకింగుకు ఎన్ని రోజుల గడువుందో ఆఫీసులో అడుగు, ఆ గడువు చాలా తక్కువ ఉంటుంది.

కొంతమంది ఇక్కడ చదువు ఆపేయాలనుకుంటారు. కొత్త విద్యా విధానంలో ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా, మూడేళ్ళకు డిగ్రీ, నాలుగేళ్ళకు ఆనర్స్ అని విని, 'ఏడాది సర్టిఫికెట్ చాలు' అనే పెద్దలు కూడా ఉన్నారు. ఆ దారి నిజంగా అవసరమైనవాళ్ళ కోసం ఉంది. ఒక బ్యాక్ పేపరుకు భయపడి దాన్ని పట్టుకోవద్దని బతిమాలుతున్నాను.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మాట. బ్యాక్ వచ్చిందనగానే సంబంధాలు చూడటం మొదలుపెట్టకండి. నా క్లాసులో మొదటి సెమిస్టరు రెండు పేపర్లు పోయిన అమ్మాయి మూడో ఏడాదికి డిపార్ట్‌మెంట్‌లో రెండో స్థానంలో ఉంది. మధ్యలో వాళ్ళ నాన్న చేసిందల్లా, మార్కుల గురించి ఎత్తకుండా ప్రతి ఆదివారం ఫోన్ చేయడం.

దిగులు రెండు వారాలు దాటి ఉంటే, నిద్ర పట్టకపోతే, తిండి సహించకపోతే, బతకాలని లేదనిపిస్తే, అది బలహీనత అనుకోకు. 14416కి ఫోన్ చెయ్యి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్, 2022 నుంచి ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. గదిలో ఎవరైనా అలా ఉన్నారనిపిస్తే పక్కన కూర్చుని ఆ నంబరు నువ్వే కలిపి ఇవ్వు, ఆ రాత్రి వాళ్ళను ఒంటరిగా వదలకు, వార్డెన్‌ని లేపు.

పదో అడుగు: రెండో సెమిస్టరు

జనవరికి నీకు ఊరు తెలుసు, మెస్సు తెలుసు, ఒడియాలో బేరం కూడా ఆడుతుంటావు. ఇప్పుడు ఒక కొత్త పని పెట్టుకో: ఎన్‌ఎస్‌ఎస్, వాలీబాల్, లైబ్రరీలో రోజూ గంట, ఏదో ఒక్కటి. స్కాలర్‌షిప్ కొనసాగింపు ఫారం మర్చిపోకు, కొత్తగా పెట్టుకున్నవాళ్ళకే కాదు, నీకూ ప్రతి ఏడూ ఉంటుంది.

ఇంకొకటి. మొదటి మార్కుల జాబితా చేతికొచ్చిన రోజే, మార్కులకన్నా ముందు పేరు చదువు. 'వ' స్థానంలో 'బ' పడిందా, ఇంటిపేరు చివరికి వెళ్ళిందా, నాన్న పేరు సరిగా ఉందా. తప్పుంటే అదే రోజు పదో తరగతి సర్టిఫికెట్ జిరాక్సు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళు. "ఆగ్యాఁ, మో నాఁ భుల్ ఒఛి" అను. నా పేరు తప్పుగా ఉంది అని. రసీదు తీసుకో.